బ్యాట్ పట్టే చెయ్యి

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె జరుగుతుంటే ఊరంతా తెలంగాణ కోసం కొట్లాడింది. చిక్కడపల్లిలోని మా ఇంట్లో మాత్రం ఆరేళ్ల పిల్ల ఎడమ చేతి కోసం కొట్లాట నడిచింది. పెద్ద సమ్మె సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి మా ఇంటి సంగతి చెబుతాను.

నేను బషీర్‌బాగ్‌లో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటును. సమ్మె రోజుల్లో పొద్దున్నే పోయి గేటు ముందు కూర్చుని, గొంతు పోయేదాకా నినాదాలిచ్చి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేదాన్ని. మా ఆయన నాగేందర్ నారాయణగూడలో కరెంటు సామాన్ల దుకాణంలో పని చేస్తాడు. సగం షట్టరు దించి వాళ్లు ఎట్లాగో నడిపించేవాళ్లు. బడులు మూతపడ్డాయి కాబట్టి మా అమ్మాయి నవనీత రోజంతా ఇంట్లోనే, అంటే రోజంతా మా అత్తమ్మ కురుమమ్మ చేతిలోనే ఉండేది.

నవనీతది ఎడమ చేతి వాటం. పలక మీద బొమ్మలు గీయడం, జడ రిబ్బను లాక్కోవడం, అన్నం కలపడం అన్నీ ఆ చేత్తోనే. అత్తమ్మకు అది కంట్లో నలుసు. "ఆడివిల్లకు పుర్రశెయ్యి ఏంది? రేపు అత్తగారింట్ల ఇది వడ్డిస్తే ఎవరన్న తింటరా?" అనేది. అసలు బాధ అది కూడా కాదు. ఆమెకు అంబర్‌పేట్‌లో లక్ష్మయ్య అని ఒక అన్న ఉన్నాడు. ఆయన మాటంటే ఆమెకు వేదం. పోయిన దసరాకు ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు నవనీత ఎడమ చేత్తో మంచినీళ్ల గ్లాసు ఇస్తే అందుకోలేదు. పిల్ల ఆ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడింది. చివరికి నేను తీసుకుని కుడి చేత్తో ఇస్తే తాగాడు. ఆ అవమానం అత్తమ్మ మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు. కాకపోతే మా ఇద్దరికీ అది వేరు వేరు చోట్ల తగిలింది.

"బడి లేకపోవుడు మంచిగైంది. మొక్కై వంగనిది మానై వంగునా? దసరాకు మా అన్న వచ్చెటాల్లకు దీని శెయ్యి మారుస్త. గిది నా సమ్మె" అని అత్తమ్మ ప్రకటించింది.

అందరం నవ్వాం. మర్నాడు పొద్దున ఆమె పాత చీర అంచు చింపి, పిల్ల ఎడమ చేతికి వేళ్ల దగ్గర్నుంచి మణికట్టు దాకా చుట్టి ముడి వేసినప్పుడు ఆ నవ్వు పోయింది.

"నొస్తున్నదా బిడ్డా?"

"లేదు నానమ్మా."

నిజమే, నొప్పేమీ లేదు. ఆ చెయ్యి ఏ పనీ చేయలేదు, అంతే.

నేను అడ్డం పోలేదు. చిన్నప్పుడు నాకూ ఇట్లాగే గుడ్డ కట్టి కుడి చేతికి మార్చారు. ఆ సంగతి అత్తవారింట్లో ఎవరికీ తెలియదు, ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి. మార్చినందుకు నేనేం చచ్చిపోలేదు, సర్కారు నౌకరీ కూడా చేస్తున్నాను, పిల్ల కూడా అట్లాగే అలవాటు పడుతుందని అనుకున్నాను.

ఇక మా మామయ్య బీరయ్య సంగతి. లోకంలో చాలామంది మగవాళ్లు ఇంట్లో పులి, వీధిలో పిల్లి. మా మామయ్య తిరగేసిన రకం. ఇంట్లో అత్తమ్మ గీసిన గీత దాటడు. గల్లీ చివర యూత్ అసోసియేషన్ వాళ్ల రేకుల గదిలోకి అడుగు పెట్టాడంటే మాత్రం ఆయన గొంతే వేరు. ఆ గదిలో ఒక పాత టేబుల్ టెన్నిస్ బల్ల ఉంది. ప్రెస్సులో నౌకరీ చేసినన్నాళ్లూ సాయంత్రాలు, రిటైరయ్యాక పగళ్లు కూడా ఆయన దాని దగ్గరే గడిపాడు. సమ్మెలో గల్లీ పిల్లలకు బడి లేదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సర్కారు నౌకరీల పరీక్షలకు చదివే పిల్లలకు నోటిఫికేషన్లు లేవు. అందరూ వచ్చి మామయ్య దగ్గర పడ్డారు. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండడంతో కరెంటు పోయేది. మామయ్య దానికీ సంతోషించేవాడు. ఫ్యాన్ తిరిగితే బాల్ ఎటో పోతుందట.

ఆయనది ఒకటే నియమం. బ్యాట్ పట్టడం రానిదే బాల్ ముట్టనివ్వడు. ఒకరోజు అన్నానికి పిలవడానికి పోయేసరికి ముత్యాలు అనే పిల్లవాడి మీద అరుస్తున్నాడు. పాలమూరు దిక్కు నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉండే ఆ అబ్బాయి బ్యాట్ పిడిని పిడికిలంతా బిగించి పట్టుకున్నాడు.

"గది గొడ్డలి గాదు బిడ్డా. కట్టెలు కొట్టొచ్చినవా?"

"మరెట్ల పట్టాలె తాతా?"

"నాకు షేక్‌హ్యాండ్ ఇయ్యి."

ముత్యాలు సిగ్గుపడుతూ చెయ్యి ఇచ్చాడు. మామయ్య ఆ చేతిని ఒక్కసారి ఊపి, తన చేతిని మెల్లగా వెనక్కి జార్చుకుంటూ ఆ ఖాళీలోకి బ్యాట్ పిడిని జొనిపాడు. ముత్యాలు వేళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, మధ్యలో మనిషికి బదులు బ్యాట్ ఉంది.

"గంతే. మూడేళ్లు పిడి సుట్టు. సూపుడేలు గీ అంచు పొంటి సాపు. బొటనేలు ఇటుదిక్కు ఊకె ఆనియ్యి. పిసుకకు. రోడ్డు దాటేటప్పుడు చిన్నపోరిని పట్టుకుంటవ్ సూడు, అట్ల. ఇడిస్తే ఉరకద్దు, ఒత్తితే ఏడ్వద్దు."

ముత్యాలు కొట్టిన మొదటి బాల్ రేకులకు తగిలింది గానీ బ్యాట్ మాత్రం చేతిలో సరిగ్గా ఉంది. మామయ్యకు అది చాలు.

ఇంట్లో అత్తమ్మ సమ్మె జోరుగా సాగుతోంది. ఆమె రాక్షసి కాదు. పిల్లంటే ప్రాణం, అదే చిక్కు. నవనీతకు ఇష్టమని సర్వపిండి చేసేది, జొన్నరొట్టె మీద నెయ్యి రాసి ముందు పెట్టేది. "కుడిచేత్తోని తిను, నా బంగారం గద" అని బతిమాలేది. పిల్ల కుడి చేత్తో ముద్ద ఎత్తితే సగం ఒళ్లో పడేది. రెండు ముద్దలు తిని "సాలు" అనేది. అప్పుడు అత్తమ్మే తినిపించేది. పలక కిటికీలోకి చేరింది, మళ్లీ దిగలేదు. పొద్దస్తమానం చెవిలో జోరీగలా మాట్లాడే పిల్ల, అడిగితే తప్ప మాట్లాడడం మానేసింది. నేను నినాదాలిచ్చి ఇంటికొచ్చేసరికి కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చునుండేది. ఆ చేతిని అది పిల్లి కూనను నిమిరినట్టు నిమురుతుండేది. చూడలేకపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ కునుకు తీస్తుంటే, "తాతను అన్నానికి పిలుద్దాం రా" అని పిల్లను తీసుకుని గదికి పోయాను. మామయ్య చిన్నపిల్లలను వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ షేక్‌హ్యాండ్ ఇస్తున్నాడు. నవనీత నా చెయ్యి విడిచిపెట్టి పోయి ఆ వరుస చివర నిలబడింది.

దాని వంతు వచ్చింది. మామయ్య కుడి చెయ్యి చాచాడు. నానమ్మ నేర్పినట్టే అది కుడి చెయ్యి ఇచ్చింది. ఆయన ఊపి బ్యాట్ పెట్టాడు. బ్యాట్ జారి కింద పడింది. మళ్లీ పెడితే మళ్లీ పడింది. పిల్లలు కిసుక్కుమన్నారు. నవనీత ఏడవలేదు. గుడ్డ కట్టిన చేతిని చూసుకుని, తాతను చూసింది.

మామయ్య చాచిన కుడి చెయ్యి వెనక్కి తీసుకుని వీపు వెనక పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి చాచాడు.

మాలో ఎడమ చేత్తో ఏదైనా ఇవ్వడం, పుచ్చుకోవడం తిట్టుతో సమానం. కిరాణా కొట్టువాడు చిల్లర ఎడమ చేత్తో ఇస్తేనే కొట్లాటలవుతాయి. అరవై దాటిన పెద్దమనిషి అంతమంది ముందు మనమరాలికి ఎడమ చెయ్యి చాచి నిలబడ్డాడు. పిల్ల తాతను చూసింది, నన్ను చూసింది. నేను పోయి మోకాళ్ల మీద కూర్చుని ముడి విప్పాను.

ఆ చెయ్యి చెమటకు నాని, ముడతలు పడి, తెల్లగా ఉంది. అది ఆ చెయ్యి తాతకు ఇచ్చింది. ఆయన ఊపాడు. బ్యాట్ లోపలికి పోయింది. వేళ్లు వాటంతట అవే సర్దుకున్నాయి, చూపుడు వేలు ఎవరూ చెప్పకుండానే అంచు వెంట సాగింది. మామయ్య బల్ల అవతలికి పోయి మెల్లగా ఒక బాల్ వేశాడు. అది టక్కుమని తిరిగి వచ్చింది. ఇంకొకటి వేశాడు. అదీ వచ్చింది.

"అరే, లెఫ్టీ!" అని ముత్యాలు కేక పెట్టాడు.

"లెఫ్టీ అంటే ఏంది తాతా?" అని నవనీత అడిగింది.

"ఎడంశేతి ఆటగాళ్లు. గాళ్లతోని ఆడాలంటే పెద్దపెద్దోళ్లు పరేషాన్ అయితరు. బాల్ ఏ దిక్కుకెల్లి వస్తదో తెల్వది" అన్నాడు మామయ్య. ఆయన గొంతులో అసూయ కూడా ఉంది.

ఇంట్లో పుర్రచెయ్యి, గల్లీ చివరికి వచ్చేసరికి లెఫ్టీ అయింది. ఇంటికి వచ్చేదాకా నా కూతురు నోరు ముయ్యలేదు. ఎన్నాళ్లకో విన్న ఆ వాగుడుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాగుడు ఇంట్లోనూ సాగింది కాబట్టి రహస్యం నిలవలేదు. సాయంత్రం అన్నాల దగ్గర అత్తమ్మ మొదలుపెట్టింది.

"ఏమయ్యో, పిల్లకు ఎడంశెయ్యి ఇచ్చినవంట?"

మామయ్య పళ్లెంలోకి చూస్తూ, "ఆటల ఇచ్చిన" అన్నాడు.

"ఇయ్యాల ఆటల ఇస్తివి, రేపు పూజల ఇస్తవు. నేను కట్టిన గుడ్డ ఇప్పిందెవలు?"

"నేనే అత్తమ్మా" అన్నాను.

నాగేందర్ ఎవరివైపూ చూడకుండా, "పులుసు మంచిగున్నది" అన్నాడు. ఆ రోజు వండింది పప్పు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నీకు నేర్ప రాక పిల్ల శెయ్యి మీద పెడుతున్నవ్. రేపు నేనొస్త. నా ముంగట కుడిచేత్తోని నేర్పు. ఎట్ల రాదో నేనూ సూస్త" అని అత్తమ్మ తేల్చేసింది.

అన్నేళ్లలో ఆమె ఆ రేకుల గదికి రావడం అదే మొదటిసారి. కొప్పు ముడుచుకుని, పిల్లను ముందు నడిపించుకుంటూ వచ్చింది. ముత్యాలు లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. నవనీత కుడి చేతిలో బ్యాట్ పెట్టించింది. పడింది. మళ్లీ పెట్టించింది.

"పట్టుడు గట్ల గాదే పిల్లా. తే ఇటు" అని తనే అందుకుంది. పిడి వదిలేసి, బ్యాట్ వెడల్పు భాగాన్నే రెండు అరచేతుల మధ్య జొన్నరొట్టెలా పట్టుకుంది. గది గొల్లుమంది.

"గట్ల గాదు. షేక్‌హ్యాండ్ ఇయ్యి" అన్నాడు మామయ్య.

"థూ, నీ సిగ్గుగాల! గీ పోరగాళ్ల ముంగటనా?"

"ఇయ్యి నానమ్మా, అందరికీ ఇస్తడు తాత" అంది నవనీత.

పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ షేక్‌హ్యాండ్ ఇచ్చుకుని ఉండరు. అసలు మా అత్తమ్మ ఎవరికీ ఇచ్చి ఉండదు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, మొహం గోడవైపు తిప్పుకుని, గాజులవాడికి ఇచ్చినట్టు చెయ్యి ఇచ్చింది. మామయ్య చాచింది ఎడమ చెయ్యి. గాభరాలో ఆమె కూడా అదే ఇచ్చింది. అట్లా బ్యాట్ ఆమె ఎడమ చేతిలోకి పోయింది.

మామయ్య అవతలికి పోయి, పసిపిల్లలకు వేసినంత మెల్లగా బాల్ వేశాడు. ఆమె ఊపింది. తగల్లేదు. నవ్వింది. ఇంకొకటి వేస్తే అదీ తగల్లేదు. పిడి అరచేతిలో తిరిగిపోతోంది, మణికట్టు మాట వినడం లేదు. "ఇంకోటెయ్యి" అంది. ఆయన వేస్తూ పోయాడు. "ఇంకోటి." ఇప్పుడు ఆమె నవ్వడం లేదు. చుట్టూ ఉన్న పిల్లలు కూడా ఆపేశారు. నుదుటి మీద చెమట పట్టింది. రొట్టె కొడితే గుండ్రంగా చంద్రుడిలా వచ్చే చేతులు అవి. ఒక చేతికి బాల్ అందక ఆమె పెదవి కొరుక్కుంటోంది. బ్యాట్‌ను కుడి చేతికి మార్చుకోబోయింది. బల్ల పక్కన నిలబడి చూస్తున్న నవనీత కళ్లు ఆమె కళ్లకు తగిలాయి. మార్చుకోలేదు.

ఆఖరికి ఒకటి తగిలింది. బాల్ బల్ల దాటి గుమ్మంలో ఉన్న నా మొహం మీదికి దూసుకొచ్చింది. నేను పట్టుకున్నాను. ఏమీ ఆలోచించలేదు, చెయ్యి దానంతట అదే లేచింది. అది నా ఎడమ చెయ్యి.

అత్తమ్మ నా చేతిని చూసింది. బ్యాట్ బల్ల మీద పెట్టింది.

"సాలు తియ్యి" అని బయటికి నడిచింది.

నేను వెనకాలే పోయాను. బతుకమ్మ రోజులు కావడంతో మా గల్లీ మొగలో, రోడ్డు కలిసే చోట, తంగేడు పూలు, గునుగు పూలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. ఆమె అక్కడ ఆగింది గానీ పూల వైపు చూడలేదు.

"నీది గూడ పుర్రశెయ్యేనా?"

"ఉండె అత్తమ్మా."

"ఎవలు మార్పిచ్చిండ్రు?"

"మా అమ్మ."

"ఎట్ల?"

"గుడ్డ కట్టి."

ఆమె ఒక గునుగు కట్ట ఎత్తి, దులిపి, మళ్లీ పెట్టేసింది.

"గందుకేనా నీ రాత కోడి గెలికినట్టుంటది?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"నొచ్చిందా?"

"గుడ్డ నొయ్యలే అత్తమ్మా. గానీ ఇప్పటికీ తాళం తీసేటప్పుడు ఏ శెయ్యి సాపాల్నో ఒక గడియ ఆగుత. నా శెయ్యి ఏదో నాకే సమజ్ కాదు."

ఈ మాట నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నాగేందర్‌కు కూడా. చెప్పాక ఒళ్లు తేలికైంది. అత్తమ్మ రెండు కట్టలు తంగేడు బేరమాడి కొని నా చేతుల్లో పెట్టింది.

ఆ సాయంత్రం అన్నం వడ్డించాక నవనీత అలవాటుగా గుడ్డ కట్టించుకోవడానికి ఎడమ చెయ్యి చాచింది. అత్తమ్మ ఆ చేతిని దగ్గరికి తీసుకుని, చెంబులో నీళ్లతో కడిగింది.

"తిను బిడ్డా" అని వంటింట్లోకి పోయింది.

పిల్ల కుడి చేత్తో రెండు ముద్దలు తిని, వంటింటి వైపు ఒకసారి చూసి, చెయ్యి మార్చింది. పళ్లెం ఖాళీ చేసి మారు వడ్డించమంది. వంటింట్లో గిన్నెల చప్పుడు లేదు. చాలాసేపటికి గానీ అత్తమ్మ బయటికి రాలేదు, వచ్చాక కూడా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మర్నాటి నుంచి పలక కిందికి దిగింది. గోడల మీదికి కూడా బొమ్మలు పాకాయి. మధ్యాహ్నం అన్నం కాగానే తాతా మనమరాలూ గదికి పోయేవాళ్లు. అత్తమ్మ అడ్డు చెప్పలేదు. "ఎండల పోతున్నరు, టోపీ పెట్టుకోండ్రి" అనేది, అంతే. ఇంట్లో అంత హాయిగా గడిచిన రోజులు నాకు గుర్తు లేవు. జీతం రాని సమ్మెలో అంత సంతోషంగా ఉన్నామంటే ఎవరూ నమ్మరు.

కానీ దసరా ఇంకా ఉంది, లక్ష్మయ్య రావలసే ఉంది. ఇంట్లో ఎట్లా తిన్నా ఇబ్బంది లేదు, అన్న ముందు అత్తమ్మ ఏమంటుందో నాకు అంతుబట్టలేదు. పండగ పొద్దున పిల్లకు తల దువ్వుతూ, "పెద్ద తాత వస్తే కుడిచేత్తోని ఇయ్యి తల్లీ, ఒక్కరోజుకు" అని నేనే అన్నాను. అది తల ఊపింది.

బస్సులు లేక లక్ష్మయ్య అంబర్‌పేట్ నుంచి ఆటోలో వచ్చాడు. తెల్ల ధోతి, తెల్ల మీసం, ఆటోవాడి మీద కోపం. సాయంత్రం జమ్మికి పోయి వచ్చాక, మా ఇళ్లలో ఉన్న ఆచారం ప్రకారం చిన్నవాళ్లం పెద్దవాళ్ల చేతుల్లో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కుతున్నాం. ఆ రోజు ఆ ఆకును బంగారమంటాం. నవనీత ఎడమ చేతి నిండా ఆకులు పట్టుకుని తాతకు పెట్టింది, వాళ్ల నాన్నకు పెట్టింది. తర్వాత లక్ష్మయ్య కుర్చీ ముందుకు పోయి, నేను చెప్పింది గుర్తొచ్చి ఆగింది. ఎడమ చేతిలోని ఆకులను జాగ్రత్తగా కుడి చేతిలోకి వేసుకోవడం మొదలుపెట్టింది.

"మార్చకు."

అత్తమ్మ గొంతు. ఆమె దేవుడి గది గుమ్మంలో నిలబడి ఉంది.

"మార్చకు బిడ్డా. నీ శేత్తోనే ఇయ్యి" అని, అన్న వైపు తిరిగింది. "అన్నా, మా పిల్లది ఎడంశెయ్యి. బంగారం తీస్కో."

తీసుకుంటావా అని అడగలేదు. లక్ష్మయ్య చెల్లెలిని చాలాసేపు చూశాడు. ఆమె కళ్లు దించలేదు. ఆయన మీసం ఒకసారి కదిలింది. తర్వాత కుడీ కాదు, ఎడమా కాదు, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. నా కూతురు తన ఎడమ చేత్తో అందులో ఆకులు పోసింది.

మార్చకు. ఆ ఒక్క మాట నాకు ఆరేళ్లప్పుడు ఎవరైనా అంటారేమోనని ఎదురుచూశానో లేదో నాకు గుర్తు లేదు. ఆ సాయంత్రం మాత్రం అది నాకు కూడా అన్న మాటలాగే వినిపించింది. నా వంతు వచ్చింది. ఆకు తీసుకుని అత్తమ్మ ముందుకు పోయి, ఎడమ చెయ్యి చాచాను. ఆమె తీసుకుని కళ్లకద్దుకుంది.